జనరేటర్ ఎక్కడుంది?

ఏ సంస్థకు పనిమీద వెళ్లినా నా మొదటి ప్రశ్న ఒక్కటే. మీ జనరేటర్ ఎక్కడుంది? చాలాచోట్ల జవాబూ ఒక్కటే. సెల్లార్లో సార్. చెప్పేవాళ్ల ముఖంలో కాస్త గర్వం కూడా కనిపిస్తుంది. మంచి కంపెనీది, ఏఎంసీ నడుస్తోంది, వారానికోసారి స్టార్ట్ చేసి చూస్తామంటారు. కిందికి దిగితే అంతా నిజమే. పెయింటు తళతళలాడుతుంటుంది. పక్కన డీజిల్ ట్యాంకు, గోడకు ప్యానెల్, ఆ మూల ర్యాంపు మీంచి దిగే వాన నీళ్లు చేరే గుంట, గుంటలో నీళ్లు తోడే మోటారు. ఆ మోటారుకు కరెంటు ఎక్కణ్నుంచి వస్తుందని అడుగుతాను. ఆ గోడకున్న ప్యానెల్ నుంచే.

సెల్లార్లో పెట్టడానికి కారణాలు లేకపోలేదు. జనరేటర్ బరువెక్కువ, రొద ఎక్కువ, పొగ. పై అంతస్తులో ఆ జాగాకు అద్దె వస్తుంది, సెల్లార్లో రాదు. కట్టేవాడి లెక్క కట్టేవాడిది. వాన పడిన రోజు లెక్క మాత్రం వేరొకరు చూసుకోవాలి.

నా ఉద్యోగంలో సగం కాలం ఆ లెక్క చూడడంలోనే గడిచింది. ఆపద వస్తే సంస్థ ఎలా నడవాలో రాసిపెట్టడం, రాసింది పనికొస్తుందో లేదో తేల్చడం. పెద్ద కంపెనీల్లో దీన్ని బిజినెస్ కంటిన్యుటీ ప్లాన్ అంటారు, పొట్టిగా బీసీపీ. రాయడం పెద్ద కష్టమేమీ కాదు. మూసలు దొరుకుతాయి, పేర్లు మార్చుకుంటే ఆడిట్ గట్టెక్కుతుంది. ఒక చోట తీరానికి వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆఫీసు ఫైల్లో సునామీ వస్తే ఏం చేయాలో నాలుగు పేజీలు చూశాను. చెరువు తూములు ఎత్తితే వీధి మునిగే ఊరు అది. దాని గురించి ఒక్క ముక్క లేదు.

ఈ పనిలో అసలు వెతకాల్సింది ప్రత్యామ్నాయం ఉందా లేదా అన్నది కాదు. దాదాపు అందరికీ ఏదో ఒకటి ఉంటుంది. ఆ రెండోది మొదటిదానితో ఎక్కడ కలుస్తోందన్నదే చూడాలి. రెండు తాళ్లూ ఒకే మేకుకు కట్టి, మాకు రెండు తాళ్లున్నాయని చెప్పుకోవడం మనకు బాగా అలవాటు.

ఫుకుషిమా గురించి చాలామంది చాలా రాశారు. నాకు అందులో గుర్తుండిపోయింది చిన్న సంగతి. 2011 మార్చి 11న భూకంపానికి ఆ అణు కేంద్రానికి బయటి కరెంటు పోయింది. డీజిల్ జనరేటర్లు అనుకున్నట్టే అందుకున్నాయి. సుమారు 50 నిమిషాలకు సునామీ వచ్చింది. జనరేటర్లలో ఎక్కువ భాగం టర్బైన్ భవనాల కింది అంతస్తుల్లో ఉన్నాయి, మునిగాయి. ఇది అందరికీ తెలిసిందే. కానీ నీళ్లందని ఎత్తులో, గాలితో చల్లబడే జనరేటర్లు కూడా కొన్ని ఉన్నాయి. వాటికి తడి తగల్లేదు. అయినా రెండు పనికిరాకుండా పోయాయి. వాటి కరెంటును పంచే ప్యానెళ్లు కింద ఉన్నాయి మరి. ఆరో యూనిట్‌లో మాత్రం ఒక జనరేటరూ, దాని ప్యానెలూ రెండూ బతికాయి. ఆ ఒక్కటే అయిదో యూనిట్‌కు కూడా కరెంటు అందించి రెండింటినీ గట్టెక్కించింది. ఈ కథ విన్నాక కొందరు మేనేజర్లు జనరేటర్‌ను టెర్రస్ మీదికి ఎక్కించేస్తారు. సంతోషం. ప్యానెల్ మాత్రం పాత చోటనే ఉంచుతారు, కేబుల్ ఖర్చని.

దూరదేశం ఎందుకు, మా విశాఖపట్నం చాలు. 2014 అక్టోబర్ 12, ఆదివారం. హుద్‌హుద్ తీరం దాటింది సరిగ్గా నగరం మీద. తుఫాను కన్ను ఊరి మీదుగా పోతున్నప్పుడు గాలి ఆగింది. అయిపోయిందనుకుని జనం వీధుల్లోకి వచ్చారు. తర్వాత అవతలి దిక్కు నుంచి మళ్లీ మొదలైంది. అప్పటికే వంగినవి అప్పుడు విరిగాయి. విమానాశ్రయం టెర్మినల్ పైకప్పు లేచిపోయింది, స్టీల్ ప్లాంటు చీకటైంది, సెల్‌ఫోన్లు మూగబోయాయి. ఫోన్ చేసి ఒకరినొకరు పిలుచుకోవాలన్న ప్లాన్లన్నీ అక్కడితో సరి.

అయితే నేను ఆ వారం చూసిన ముఖ్యమైన సంగతి గాలి కాదు, డీజిల్. జనరేటర్లున్న ఆఫీసులు, ఆసుపత్రులు, అపార్టుమెంట్లు మొదటి రోజు ధీమాగా ఉన్నాయి. ట్యాంకులో ఒక పూటకో రెండు పూటలకో సరిపడా ఉంటుంది. మామూలు రోజుల్లో కరెంటు అంతకన్నా ఎక్కువసేపు పోదు కదా. రెండో రోజు క్యాన్లు పట్టుకుని బంకుల ముందు బారులు తీరారు. బంకు భూగర్భ ట్యాంకులో డీజిల్ ఉంది. దాన్ని పైకి తోడే పంపుకు కరెంటు లేదు. డీజిల్ కోసం కరెంటు, కరెంటు కోసం డీజిల్. సొంత జనరేటర్ ఉన్న బంకు దొరికితే అక్కడ చేతిలో నోట్లుండాలి, ఏటీఎంలు పనిచేయడం లేదు.

ఆపదలో డీజిల్ తెచ్చిపెడతామని ఒప్పందం రాసుకున్న సంస్థలూ ఉన్నాయి. ముద్రలు, సంతకాలు అన్నీ పక్కాగా ఉన్న కాగితాలు. తర్వాత తీరిగ్గా కూర్చుని చూస్తే, ఊళ్లో అలాంటి నాలుగైదు కాగితాల మీద ఉన్నది ఒకే సరఫరాదారు పేరు. ఆయన దగ్గరున్నది ఒకే ట్యాంకరు. ఆయన ఎవరినీ మోసం చేయలేదు. విడివిడిగా చూస్తే ప్రతి ఒప్పందమూ నిజాయితీగలదే. పక్కవాడి ప్లాన్‌లో ఏముందో ఎవరూ అడగలేదు, అంతే.

సాంకేతిక రంగం ఇందుకు అతీతమనుకోకండి. 2021 ఫిబ్రవరి 24న నేషనల్ స్టాక్ ఎక్స్‌ఛేంజీలో పొద్దున 11:40కి ట్రేడింగ్ ఆగింది, మధ్యాహ్నం 3:45కి గానీ మళ్లీ మొదలు కాలేదు. ఒక కంపెనీ లైను పోతే ఇంకోటి ఉండాలని రెండు టెలికాం కంపెనీల లైన్లు పెట్టుకున్న సంస్థ అది. రెండూ దెబ్బతిన్నాయి. దారి పొడవునా జరుగుతున్న తవ్వకాలే ప్రధాన కారణమని ఎక్స్‌ఛేంజీయే వివరణ ఇచ్చింది. బిల్లులు రెండు కంపెనీలకు కడుతున్నాం కాబట్టి దారులు రెండని అనుకుంటాం. పలుగు దిగే మట్టికి ఆ తేడా తెలియదు.

ఇక మనుషులు. 2015 డిసెంబర్ 2న చెన్నై వరదల్లో ‘ది హిందూ’ పత్రిక ఆ నగరంలో రాలేదు. 1878లో పుట్టాక అలాంటిది ఎన్నడూ లేదు. ఊరి బయట మరైమలై నగర్‌లో ఉన్న ప్రెస్సుకు సిబ్బంది చేరలేకపోయారు. యంత్రాన్ని ఎక్కడ పెట్టాలో ఎంతో ఆలోచించే మనం, దాన్ని నడిపేవాడు ఎక్కడుంటాడో, ఏ బస్సెక్కి వస్తాడో ప్లాన్‌లో రాయం.

అందుకే మాక్ డ్రిల్‌లో నేను ఒక చిన్న తిరకాసు పెడతాను. మామూలుగా డ్రిల్ ఎలా ఉంటుందో మీకు తెలిసిందే. ముందురోజే సర్క్యులర్ వస్తుంది. సాయంత్రం నాలుగింటికి గంట మోగుతుంది. జనం ఫోన్లు చూసుకుంటూ మెట్లు దిగి అసెంబ్లీ పాయింట్ దగ్గర ఫొటో దిగుతారు. రిజిస్టర్‌లో “విజయవంతం” అని రాస్తారు. నా తిరకాసల్లా ఒక్కటే, బాగా పని తెలిసిన మనిషిని ఒకణ్ని ఎంచి కుర్చీలో కూర్చోబెట్టడం.

ఒక ఆసుపత్రిలో అలా ఎలక్ట్రీషియన్‌ను కూర్చోబెట్టాను. “నువ్వివాళ లేవు బాబూ. మీ మేనకోడలి పెళ్లికెళ్లావు.” మెయిన్ కరెంటు తీశారు. జనరేటర్ తనంతట తానే అందుకోవాలి, అందుకోలేదు. ఛేంజోవర్ స్విచ్ చేత్తో తిప్పాలి. సూపర్‌వైజర్ ప్యానెల్ గది దగ్గరికి పరుగెత్తాడు. తాళం. సెక్యూరిటీ వాళ్ల బోర్డు మీద ఆ గది పేరుతో మేకు ఉంది, మేకుకు తాళంచెవి లేదు. కుర్చీలో మనిషి కదిలిపోతున్నాడు.

“సార్, ఒక్క మాట చెప్పనా?”

“పెళ్లిలో ఉన్నావు.”

“పెళ్లే గానీ సార్, తాళం నా బండి కీచైన్‌కుంది.”

అందరూ నవ్వారు. ఐసీయూ నర్సు నవ్వలేదు. వెంటిలేటర్ల యూపీఎస్ ఇంకెన్ని నిమిషాలు లాగుతుందో ఆవిడకు తెలుసు. ఆ సాయంత్రమే మారు తాళాలు చేయించారు. స్విచ్ తిప్పడం సూపర్‌వైజర్‌తో పాటు రాత్రి డ్యూటీ వార్డుబాయ్‌కి కూడా నేర్పమని చెప్పాను. అది మాత్రం హోదాల సమస్య అయి కూర్చుంది. వార్డుబాయ్ ప్యానెల్ ముట్టుకోవడమేంటని యూనియన్ వాళ్లు, ప్రమాదం జరిగితే ఎవరిది బాధ్యతని ఆఫీసువాళ్లు. రెండూ న్యాయమైన ప్రశ్నలే. చివరికి రాత్రి షిఫ్టుకు ఇంకో ఎలక్ట్రీషియన్‌ను తీసుకున్నారు.

ఒక్క మనిషి మీద ఆనుకోవడం చిన్న సంస్థల జబ్బు అనుకుంటే 2024 ఆగస్టు గుర్తు చేసుకోండి. 10వ తేదీ రాత్రి తుంగభద్ర డ్యామ్ 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. గేటు పోతే దాని చోట దించడానికి కొన్ని డ్యాముల్లో స్టాప్‌లాగులు సిద్ధంగా ఉంటాయి. ఇక్కడ లేవు, అప్పటికప్పుడు తయారు చేయించుకోవాల్సి వచ్చింది. రాయలసీమ ఆయకట్టు అంతా ఊపిరి బిగబట్టింది. పిలుపు అందుకున్నది ఎనభై ఏళ్లకు దగ్గరపడిన గేట్ల నిపుణుడు కన్నయ్య నాయుడు. ఆయన ఆధ్వర్యంలో, పారుతున్న నీటిలోనే స్టాప్‌లాగులు దించి వారం రోజుల్లో గండి మూశారు. తిరిగి ఊపిరి తీసుకునేలోపు సెప్టెంబర్‌లో విజయవాడకు వరద. పడవలు కొట్టుకొచ్చి ప్రకాశం బ్యారేజీ గేట్ల కౌంటర్‌వెయిట్లను గుద్దాయి. మళ్లీ కన్నయ్య నాయుడే. ఆయనకు సన్మానాలు జరిగాయి, జరగాల్సిందే. నాకు మాత్రం ఆయన పక్కన నిలబడి చూసి నేర్చుకున్న ముప్పై ఏళ్ల ఇంజనీర్లు ఎందరో తెలుసుకోవాలని ఉంది.

తెలిసినవాడు ఉన్నా, చెయ్యి కదపడానికి అధికారం లేకపోతే అదీ ఇంతే. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి ఆర్.ఆర్. వెంకటాపురం మీదికి పాకినప్పుడు ఫ్యాక్టరీలో సైరన్ ఉంది. మోగలేదు. పన్నెండు మంది చనిపోయారు. ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ ఆ మోగకపోవడాన్ని తప్పుబట్టింది. అప్పటినుంచి ఏ ఫ్యాక్టరీకి వెళ్లినా గేటు దగ్గర వాచ్‌మన్‌ను పక్కకు పిలిచి అడుగుతాను. ఎవరినీ అడక్కుండా నువ్వు సైరన్ నొక్కొచ్చా? చాలామంది పక్కనున్న ఆఫీసరు ముఖం చూస్తారు.

బాగా చేసినవాళ్లూ లేకపోలేదు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ పంపిన ఒక లోపభూయిష్టమైన అప్‌డేట్‌తో ప్రపంచవ్యాప్తంగా 85 లక్షల విండోస్ కంప్యూటర్లు కూలబడ్డాయి. హైదరాబాద్ నుంచి కోల్‌కతా వెళ్లే ఇండిగో ప్రయాణికుడొకరు పెన్నుతో రాసిచ్చిన బోర్డింగ్ పాస్ ఫొటో పెడితే దేశమంతా నవ్వుకుంది. నాకు ముచ్చటేసింది. స్క్రీన్ నల్లబడినా విమానం కదలాలంటే చేత్తో రాసేవాళ్లుండాలి, ఆ రాతను గేటు దగ్గర ఒప్పుకునేవాళ్లుండాలి. మా డ్రిల్స్‌లో కంప్యూటర్ ఆపేసి ఒక గంట బిల్లు పుస్తకంతో నడపండి అంటే, బిల్లు పుస్తకం ఏ బీరువాలో ఉందో వెతకడానికే గంట పడుతుంది.

హుద్‌హుద్ తర్వాత ప్రపంచ బ్యాంకు రుణంతో విశాఖలో కొన్ని ప్రాంతాల విద్యుత్ తీగలను భూమిలోకి దించారు. స్తంభాలు విరిగే బాధ అక్కడ పోయింది. ఇక గాలి భయం తగ్గి, పలుగు భయం మొదలైంది. మంచినీళ్ల పైపులవాళ్లు, డ్రైనేజీవాళ్లు, ఫైబర్ కేబుల్ వాళ్లు ఏడాది పొడవునా తవ్వుతూనే ఉంటారు. ఆ మధ్య ఒక సమావేశంలో, కేబుళ్లు ఎక్కడెక్కడ పోతున్నాయో చూపించే మ్యాపులు తవ్వే కాంట్రాక్టర్లకు ఇస్తున్నారా అని అడిగాను. మ్యాపులున్నాయన్నారు. ఎవరి దగ్గర అంటే వేరే సెక్షన్‌లో అన్నారు. ఆ సెక్షన్ ఆయన ఆరోజు సెలవులో ఉన్నారు.