చేతిలో అరిగే కానుక

వేసవి సెలవులు వచ్చాయంటే మా పల్నాడు కథోలిక ఊళ్ళల్లో కొత్త సత్ప్రసాదాల, అంటే పిల్లలు మొదటిసారి సత్ప్రసాదం తీసుకునే పండుగల, సందడి మొదలవుతుంది. తెల్ల గౌన్ల ఆడపిల్లలు, ఇస్త్రీ నలగని తెల్ల చొక్కాల మగపిల్లలు, పూజ అయ్యాక బిర్యానీ. పిలుపు వచ్చాక వెళ్ళాలి, వెళ్ళేటప్పుడు ఉత్త చేతులతో వెళ్ళకూడదు. రాజుపాలెంలో ఉండేవాడికి ఒకపక్క సత్తెనపల్లి, ఇంకోపక్క పిడుగురాళ్ళ. ఎటు బస్సెక్కినా ఫ్యాన్సీ కొట్లో సరుకు ఒకటే: మరియమాత బొమ్మ గోడ గడియారం, బ్యాటరీతో వెలిగే తిరుహృదయ పటం, గాజు పెట్టెలో బంగారు రంగు సిలువ. నాకు తెలిసిన ఒక ఇంట్లో ఇలాంటి గడియారాలు మూడున్నాయి. మూడూ మూడు టైములు చూపిస్తుంటాయి.

కొన్నవాళ్ళనేమీ అనను, నేనూ కొన్నాను. అయితే కథోలికుల భక్తిలో వస్తువుకున్న చోటు గోడ మీద కాదు. జపమాల వేళ్ళ మధ్య తిరగాలి, ఉత్తరీయం మెడలో చెమటకు తడవాలి, కొవ్వొత్తి కరిగిపోవాలి. వాడకంలో అరిగేది ఇస్తేనే అది పండుగ కానుక అని నా లెక్క. అలా అరగడానికి పనికొచ్చే వస్తువులు ఇంకా చేత్తో చేసేవాళ్ళ దగ్గరే బాగుంటున్నాయి.

పల్నాట్లో క్రైస్తవులంటే చాలామందికి లూథరన్లూ బాప్టిస్టులూ గుర్తొస్తారు. ఫాదర్ హయ్యర్‌గా పేరుపడ్డ లూథరన్ మిషనరీ 1842లో గుంటూరు వచ్చి, తర్వాత గురజాలలో కాపురం పెట్టిన కథ బాగా తెలిసిందే. కథోలికుల ఉనికి ఇక్కడ అంతకన్నా పాతది. కర్ణాటక మిషన్ జెస్యూట్ గురువుల కాలంలోనే, అంటే పద్దెనిమిదో శతాబ్దంలోనే, ఈ వైపు కథోలిక కుటుంబాలున్నాయి. ఫిరంగిపురం గుడి, కార్మెల్ మాత కొండ, రెంటచింతల కానుకమాత గుడి మా వాళ్ళందరికీ పెద్ద దిక్కు. గుంటూరు మేత్రాసనం మాత్రం 1940లో ఏర్పడింది. ఇన్ని తరాల భక్తి ఉన్నచోట దానికి కావలసిన చేతిపని కూడా ఇళ్ళల్లోనే పెరిగింది. దానికి ఎవరూ బోర్డు పెట్టుకోలేదు, అంతే.

మా మేనత్త జపమాలలు కట్టేది. ఆవిడ దగ్గర పనిముట్లంటూ పెద్దగా ఏమీ లేవు: నైలాన్ దారం కండె, కత్తెర, ఒక కొవ్వొత్తి, ఇంకా పూసలు దొర్లిపోకుండా పరుచుకునే పాత దుప్పటి ముక్క. లెక్క ఆవిడకు నోటికొచ్చు. సిలువ పైన ఒక పెద్ద పూస, మూడు చిన్నవి, మళ్ళీ ఒక పెద్దది, ఆపైన మాత పతకం. అక్కడి నుంచి పదేసి చిన్న పూసల చొప్పున అయిదు వరుసలు, వరుసకూ వరుసకూ నడుమ ఒక్కో పెద్ద పూస. చిన్నవి మంగళవార్త జపానికి 53, పెద్దవి పరలోక జపానికి 6, మొత్తం 59. 2002లో రెండవ జాన్ పాల్ పోపు గారు జపమాలతో ధ్యానించేవాటిలో వెలుగు దేవరహస్యాలు కొత్తగా చేర్చినప్పుడు, "ఇప్పుడు పూసలు కూడా పెంచాలేమోరా" అని ఆవిడ కంగారుపడింది. పెంచాల్సిన పని లేకపోయింది.

పనితనమంతా పెద్ద పూసకు అటూ ఇటూ వదిలే జాగాలో ఉంటుంది. పది పూసలయ్యాక ఒక ముడి, తర్వాత వేలి కొస పట్టేంత ఉత్త దారం, పెద్ద పూస, మళ్ళీ అంతే దారం, ముడి. ఎందుకంత ఖాళీ అని అడిగితే, "కరెంటు పోయినప్పుడు కూడా వేలికి తెలియాలి గదరా, పది అయిపోయినయ్యని" అంది. కొట్లో దొరికే ప్లాస్టిక్ జపమాలల్లో ఈ ఎడం ఉండీ లేనట్టుంటుంది. జపం నడుమ కళ్ళు తెరిచి చూసుకోవాల్సి వస్తుంది. చివరి ముడి వేశాక దారం కొసను కొవ్వొత్తి మంటకు చూపించి, కరిగిన బొట్టును కత్తెర వీపుతో నొక్కేది. "తొందరపడితే ముడి జారుద్ది, జారితే తిట్టు నాకు" అనేది.

కట్టిన ప్రతి జపమాల మీదా మొదటి జపం ఆవిడే చెప్పేది, ఎవరికి ఇస్తున్నామో వాళ్ళ పేరు తలుచుకుని. అది భక్తీ, తనిఖీ కూడా. ఎక్కడన్నా పదకొండో పూస పడి ఉంటే ఆ జపంలోనే బయటపడేది. ఆ తర్వాతే ఫాదర్ గారి దగ్గరికి. ఆశీర్వదించిన వస్తువును అమ్మకూడదన్నది కథోలికుల్లో పాత కట్టుబాటు. అందుకే ఏ గుడి దగ్గరైనా ముందు కొనుక్కుని, ఆ తర్వాత దీవెన వేయించుకుంటారు. మా అత్త డబ్బు తీసుకునేది కూడా దీవెనకు ముందే. ఆ తర్వాత ఎవరన్నా బాకీ ఇవ్వబోతే ముట్టుకునేది కాదు, దాంతో కొందరు కావాలనే ఆలస్యం చేసేవాళ్ళు!

పూసల గురించి ఒక జాగ్రత్త చెప్పాలి. మన చేల గట్ల మీద కంచెలకు అల్లుకునే గురివింద గింజలతో ప్రపంచంలో చాలాచోట్ల జపమాలలు కట్టారు. దాని శాస్త్రీయ నామం అబ్రస్ ప్రికటోరియస్‌లో ప్రార్థన అన్న అర్థం దాగి ఉన్నది అందుకే. ఎరుపూ నలుపూ కలిసి చూడముచ్చటగా ఉంటాయి, ఖర్చూ లేదు. కానీ ఆ గింజ లోపల అబ్రిన్ అనే గట్టి విషం ఉంది. పైపెంకు చెక్కుచెదరనంతవరకు ముప్పు తక్కువ. సూదితో బెజ్జం పెట్టామంటే ఆ రక్షణ పోయినట్టే. గుచ్చేవాళ్ళకూ ప్రమాదం, నోట్లో పెట్టుకునే పసిపిల్లలకు మరీ ప్రమాదం. పిల్లలుండే ఇంటికి గురివింద వద్దు. తులసి పూసలో చెక్క పూసలో చాలు.

కార్మెల్ మాత భక్తులు మెడలో వేసుకునే ఉత్తరీయానిది ఇంకో కథ. గోధుమరంగు ఉన్ని బట్ట ముక్కలు రెండు, వాటిని కలుపుతూ రెండు తాళ్ళు, ఒక ముక్క ఎద మీదికి, ఇంకోటి వీపు మీదికి. జూలై 16 కార్మెల్ మాత పండుగకు ఫిరంగిపురం కొండ ఎక్కేవాళ్ళలో దాన్ని వేసుకునేవాళ్ళు చాలామంది. బట్టకు బదులు పతకం ధరించవచ్చని 1910లో పదవ పయస్ పోపు గారు అనుమతిచ్చినా, మొదటిసారి గురువు చేత వేయించుకునేది బట్టదే కావాలి. ఇప్పుడు వచ్చేవి చాలావరకు ప్లాస్టిక్ తొడుగులో పెట్టి అతికించినవి. మన ఎండలకు ఆ ప్లాస్టిక్ వీపుకు అతుక్కుని చీదర పుట్టిస్తుంది, వారం తిరక్కుండా మేకుకు వేలాడుతుంది. కుట్టు మిషను ఉన్న ఏ ఆడబిడ్డయినా మధ్యాహ్నం భోజనాలయ్యాక కూర్చుంటే పొద్దుగూకే లోపు నాలుగు ఉత్తరీయాలు కుట్టగలదు. ఉతుక్కుని మళ్ళీ వేసుకోవచ్చు.

జ్ఞానస్నానం తెల్లబట్ట మాత్రం కొనకండి. అది ఇంట్లోనే పుట్టాలి. బిడ్డకు ఆ బట్ట తొడిగి, పాస్కా వత్తి నుంచి వెలిగించిన కొవ్వొత్తిని జ్ఞానతండ్రి చేతికిస్తారు. ఆ రెండూ దాచుకునే వస్తువులే. తల్లి పెళ్ళినాటి తెల్ల పట్టుచీర చెంగుతో బిడ్డకు గౌను కుట్టించిన అమ్మమ్మను చూశాను. అంచుకు దారంతో చిన్న పావురం, లోపలి మడతలో బిడ్డ పేరు, తేదీ. రెండో బిడ్డకూ అదే తొడిగి, ఆ మడతలోనే రెండో పేరు కుట్టారు. దుకాణంలో కొన్న గౌనుకు ఈ భాగ్యం ఎక్కడిది?

చేతిపనికి ధర దగ్గర మనం చిన్నబుద్ధి చూపిస్తాం. నర్సాపురం లేసు సంగతే చూడండి. గోదావరి జిల్లాలకు మిషనరీల ద్వారా పందొమ్మిదో శతాబ్దంలో వచ్చిన ఆ కుట్టు అల్లిక బల్ల గుడ్డలుగా విదేశాలకు వెళ్ళింది, పేరు తెచ్చుకుంది, 2024లో భౌగోళిక గుర్తింపూ పొందింది. కానీ ఆ లేసు అల్లే ఆడవాళ్ళను పనివాళ్ళుగా కాక ఖాళీగా కూర్చున్న గృహిణులుగా లెక్కగట్టి, చాలీచాలని కూలి ఇచ్చారని మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు 1982లో పుస్తకమే రాసింది. 'ఇంట్లో ఊరికే ఉండేదానివేగా' అన్న మాట మా ఊళ్ళల్లోనూ వినపడుతుంది. జపమాల కట్టేవాళ్ళకు పూసల ఖర్చు ఇచ్చి, పనికి మాత్రం దీవెనలిచ్చి వచ్చేవాళ్ళను నేను చాలామందిని ఎరుగుదును.

దగ్గరలో ఉండీ మనం అడగని చేతులు ఇంకా ఉన్నాయి. మాచర్ల దారిలో దుర్గి ఉంది. అక్కడి రాతి శిల్పానికీ భౌగోళిక గుర్తింపు ఉంది. గృహప్రవేశానికి ప్లాస్టర్ స్వరూపం కొనే బదులు జానెడు మరియమాతనో, పునీత జోజప్పనో చెక్కిపెట్టమని అక్కడి శిల్పిని అడిగితే తప్పేముంది? తిరుహృదయ పటం ప్రతిష్ఠించుకునే ఇంటికయితే ఊరి వడ్రంగి చేత చిన్న గోడ పీఠం చేయించండి. పటం, దాని ముందు దీపం, కింద బైబిలు పెట్టుకునే అర ఉంటే చాలు. సాయంత్రం ప్రార్థనకు ఇల్లంతా చేరేది దాని ముందే.

పైసా ఖర్చు లేని కానుక కూడా ఒకటుంది. మట్టల ఆదివారం నాడు గుడిలో దీవించి ఇచ్చిన మట్ట నుంచి ఒక ఈనె పక్కన ఆకు చీల్చి, మడతపెట్టి సిలువ చేయడం పెద్దవాళ్ళందరికీ వచ్చేది. పచ్చిగా ఉన్నప్పుడే మడవాలి, ఎండితే విరుగుద్ది. ఆ సిలువను గుమ్మానికి గుచ్చి, మరుసటి ఏడు విభూది బుధవారానికి ముందు గుడికి తిరిగి ఇచ్చేస్తే, కాల్చి ఆ బూడిదే నుదుట పెడతారు. మంచం పట్టి గుడికి రాలేని పక్కింటి ముసలమ్మకు ఆ ఆదివారం ఇంతకన్నా మంచి బహుమతి నాకు తోచదు. పూజ నుంచి తిరిగొచ్చే దారిలోనే పిల్లల చేత చేయించి ఇప్పించవచ్చు.

అక్టోబరు జపమాల మాసం, ఏడో తేదీ జపమాల మాత పండుగ. ఆ తర్వాత క్రిస్మసు, ఆ వెనకే ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో గుణదల తిరునాళ్ళు. చేత్తో చేసేవాళ్ళకు టైము కావాలి, కాబట్టి రెండు నెలల ముందే చెప్పండి. సగం డబ్బు అప్పుడే చేతిలో పెట్టండి. పూసల ధర మీద బేరమాడితే ఆడండి గానీ, కూలి మీద మాత్రం ఆడకండి.