టిచ్ బటన్ పట్టు

"పై సెట్టు మంచిగనే ఉన్నది బిడ్డా, కింద సెట్టే కప్పలెక్క ఎగురుతది" అంది పరకాల నుంచి వచ్చిన అవ్వ. హన్మకొండలో పళ్ల డాక్టరుగా ఈ మాట వినని వారం లేదు నాకు. పై సెట్టుకు అంగిలంతా ఆసరా, ఉమ్మి తడికే అతుక్కుంటుంది. కిందేమో నాడా ఆకారంలో సన్నటి గట్టు. పళ్లు పీకించుకున్ననాటి నుంచి అదీ అరుగుతూనే ఉంటుంది. మధ్యలో నాలుక ఊరుకోదు. 2002లో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ యూనివర్సిటీలో కూడిన నిపుణులు, బోసి కింది దవడకు, ఎముకలో దించే రెండు మరల (ఇంప్లాంట్ల) మీది సెట్టే మొదటి ఎంపిక కావాలన్నారు.

సరే, కోరపళ్ల చోట రెండు ఇంప్లాంట్లు దిగాయి. సెట్టును వాటికి పట్టించేదేమిటి? పాత పద్ధతి గుండు: ఇంప్లాంటు తల మీద చిన్న గుండు, సెట్టు లోపల రబ్బరు రింగు. జాకెట్టుకు దర్జీ కుట్టే టిచ్ బటనే. రింగు చవకే కానీ అరుగుతుంది. రెండింటినీ కలుపుతూ కమ్మీ వేసి క్లిప్పు బిగిస్తే పట్టు గట్టిది, సెట్టులో చోటు మాత్రం ఎక్కువ కావాలి. కమ్మీ కింద మెతుకు ఇరికితే సన్న బ్రష్ దూర్చి తోమాలి, చూపు ఆనని వాళ్లకు అదెక్కడి పని! అయస్కాంతానికి పట్టు తక్కువ, పైగా ఉమ్మికి తుప్పు.

అవ్వకు లొకేటర్ అనే మరో రకం బిగింపు పెట్టాను. పొట్టిది, తక్కువ చోటులో ఇముడుతుంది. లోపలి నైలాన్ టోపీ రంగును బట్టి పట్టు: నీలానికి ముప్పావు కిలోకు కాస్త తక్కువ, గులాబీకి దాదాపు కిలోన్నర, తెల్లదానికి రెండుంబావు. సంక్రాంతికి సకినాలు కొరకాలందని ఉత్సాహపడి తెల్లది వేశాను.

మూడో రోజు పొద్దున్నే మనవడి బండి మీద దిగింది. సెట్టు ఊడి రాలేదు, రాత్రిళ్లూ నోట్లోనే. కీళ్లవాతానికి వంకరపోయిన వేళ్లు, గోరు అంచుకు ఆనడం లేదు. నేను తీసి చూస్తే కింద చిగురు ఎర్రగా కంది ఉంది. తప్పు నాదే. దవడ ఎక్స్‌రే పదిసార్లు చూశాను, చేతులు ఒక్కసారీ చూడలేదు.

నీలం టోపీ వేశాను. అవ్వ తనే తీసింది, తనే పెట్టుకుంది. "మరి సకినాలో?" అన్నాను.

"చాయిల ముంచుకుంట తీ."

ఇంప్లాంట్ల మీద సెట్టు కట్టించుకునేవారికి ఒక్క మాట. కుర్చీ దిగకముందే డాక్టరు ఎదుట సెట్టు మీ చేత్తో మూడుసార్లు తీసి పెట్టి చూడండి. రాకపోతే టోపీ మార్చమని అడగండి, రెండు నిమిషాల పని.