ఒక్క వత్తు దిద్దడానికి

మా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ బృందంలో ఒక మాస్టారున్నారు. తెలుగు పండితుడిగా రిటైరయ్యారు. కంప్యూటర్ మాటలకు తెలుగు మాటలు వెతికి, ఒక్కో మాట వెనకున్న కథ రాయడం ఆయనకు ప్రాణం. కొన్నేళ్ల కిందట ఆయన నన్నడిగారు: "బాబూ, సైట్లో నా వ్యాసంలో ఒక వత్తు తప్పు పడింది. దిద్దాలంటే ఎవరినడగాలి?"

అప్పటికే మా సైటు ఒకసారి చేతులు కాల్చుకుంది. మొదట్లో అది సీఎంఎస్ మీద నడిచేది. బ్రౌజర్లో లాగినై, రాసి, ప్రచురించడమే. పెట్టిన కుర్రాడు ఉద్యోగం మీద దేశం దాటాడు. అడ్మిన్ పాస్‌వర్డ్ అతని దగ్గరే ఉండిపోయింది, అప్‌డేట్లు ఆగిపోయాయి. ఓ ఉదయం హోంపేజీ తెరిస్తే ఏవో మందుల ప్రకటనలు. పాత వ్యాసాల్లో చాలా భాగం మళ్లీ దొరకలేదు.

ఆ దెబ్బకు హ్యూగోకు మారాం. అది మామూలు టెక్స్ట్ ఫైళ్లను పేజీలుగా మార్చి ఇస్తుంది, వాటిని సర్వర్లో పెడితే చాలు. డేటాబేస్ లేదు, లాగిన్ లేదు కాబట్టి దొంగలు దూరే సందులు బాగా తక్కువ. అయితే మా ఏర్పాటులో ఒక్క వత్తు దిద్దాలన్నా, ఫైళ్లలో మార్పులను నమోదు చేసే గిట్ అనే పనిముట్టు తెలియాలి. మాస్టారు వ్యాసాలు వాట్సాప్‌లో పంపేవారు, మాలో తీరిక దొరికినవాళ్లం ఎక్కించేవాళ్లం. ఒక్కోసారి మూడు వారాలు పట్టేది. మెల్లగా ఆయన పంపడమే మానేశారు. అది గమనించడానికి నాకు ఆర్నెల్లు పట్టింది. ఆ బాధ ఇంకా పోలేదు.

మళ్లీ ఎంచుకుందామని కూర్చున్నాం. వర్డ్‌ప్రెస్, ద్రుపల్, జూమ్లా, హ్యూగో. నాలుగూ ఓపెన్ సోర్సే కాబట్టి లైసెన్సు దగ్గర పేచీ లేదు. వచ్చిన పేచీ అంతా ఎవరు రాస్తారు, ఎవరు కాపలా కాస్తారు అన్న దగ్గరే.

కాపలా సంగతి చెప్పడానికి 2014 అక్టోబరు 15 చాలు. ఆ రోజు ద్రుపల్ 7లో పెద్ద భద్రతా లోపం ఉందని ప్రకటించి, వెంటనే మరమ్మతు కూడా విడుదల చేశారు. మన గడియారం ప్రకారం అది రాత్రి తొమ్మిదిన్నర. ఏడు గంటల్లోగా సరిచేసుకోని ప్రతి సైటూ దాడికి గురైనట్టే భావించాలని రెండు వారాల తర్వాత ద్రుపల్ భద్రతా బృందమే హెచ్చరించింది. అంటే తెల్లవారుజామున నాలుగున్నర లోపు అన్నమాట. పగలంతా ఉద్యోగం చేసి నిద్రపోయే వాలంటీర్లకు ఆ ఏడు గంటలూ ఎక్కడివి? అంత బాగా నడిచే ప్రాజెక్టులోనూ అలాంటి రాత్రి వచ్చింది. లోపాలు ఏ సాఫ్ట్‌వేర్లోనైనా బయటపడతాయి. ఆ రాత్రి మేలుకునేదెవరో ముందే తేల్చుకోవాలి.

తెలుగువాళ్లకు ఇంకో లెక్క కూడా ఉంది. 'స్వేచ్ఛ' అన్న మాట కంటికి రెండక్షరాలే. యూనికోడ్‌కు ఏడు గుర్తులు. వెబ్ చిరునామాలో ఒక్కో గుర్తూ తొమ్మిది క్యారెక్టర్లవుతుంది, మొత్తం అరవై మూడు. వర్డ్‌ప్రెస్ చిరునామాలో శీర్షికకు ఇచ్చే చోటు రెండొందలు. కొంచెం పొడుగు శీర్షిక పెడితే మాట మధ్యలో తెగిపోతుంది. ఇలాంటివి ఫీచర్ల పట్టికలో కనపడవు. మన భాషలో ఒక పేజీ రాసి చూస్తేనే తెలుస్తాయి.

ఇక ఎవరు రాస్తారన్న సంగతి. లినక్స్ పంపిణీ తయారుచేసే డెబియన్ వాళ్లు తమ సైటు పేజీలను గిట్‌లోనే ఉంచుతారు. అక్కడ పనిచేసేవాళ్లకు గిట్ రోజువారీ పనిముట్టు, కాబట్టి వాళ్లకు అదే సరి. 2003లో మొదలైన తెలుగు వికీపీడియాలో ఎవరైనా వచ్చి 'సవరించు' నొక్కి దిద్దవచ్చు. దాని ఊపిరే ఆ మీట. రెండు చోట్లా సాఫ్ట్‌వేర్ అక్కడి మనుషులకు సరిపోయింది. మేము చేసిన పొరపాటు మా మనుషులను చూడకుండా సాఫ్ట్‌వేర్ను చూడడం.

అందుకే ఒక ఆదివారం వాదనలు పక్కనపెట్టి, ఆ నాలుగింటిలో మూడింటితో మూడు ల్యాప్‌టాప్‌లలో నమూనా సైట్లు పెట్టి మాస్టారిని కూర్చోబెట్టాం. మూడు పనులిచ్చాం: ఒక వత్తు దిద్దాలి, ఫొటోతో ఒక కార్యక్రమం ప్రకటించాలి, మేము కావాలని చెరిపేసిన పేజీని బ్యాకప్ నుంచి వెనక్కి తేవాలి. మేమెవరమూ నోరు విప్పకూడదని నియమం. వర్డ్‌ప్రెస్‌లో మొదటి రెండూ ఆయనే చేసేశారు. మూడోది దేనిలోనూ కుదరలేదు. ఆ రోజు మాకు దక్కిన అసలు పాఠం ఆ మూడోదే.

వర్డ్‌ప్రెస్ తీసుకున్నాం. ప్లగిన్లు ఐదు మించకూడదు. అడ్మిన్లు ఎప్పుడూ ముగ్గురుండాలి. పేజీ చిరునామా పొట్టిగా ఇంగ్లిష్ అక్షరాల్లో చేత్తో రాయాలి. చిన్న భద్రతా విడుదలలు వాటంతటవే ఎక్కేలా పెట్టాం. మిగతా అప్‌డేట్లకూ బ్యాకప్‌కూ నెలనెలా వంతు వేసుకున్నాం. మూడోసారి వంతులు రాస్తున్నప్పుడు మాస్టారు తన పేరూ రాయమన్నారు. బ్యాకప్ నుంచి పేజీ తేవడం నేర్పించుకుని, నోట్‌బుక్‌లో వరుసగా రాసుకున్నారు.

ఈ నెల వంతు ఆయనది. మొన్న రాత్రి ఫోన్ చేశారు. "బాబూ, కొత్త వెర్షన్ వచ్చింది. బ్యాకప్ తీశాను, తెరిచి కూడా చూశాను. ఇక అప్‌డేట్ నొక్కనా?"

నొక్కమన్నాను.