ఇంతకీ ఎవరండీ వాడు?

మొన్న ఆదివారం నేను పాఠం చెప్పే షార్ట్ ఫిల్మ్ క్లాసుకి ఒక కుర్రాడు మూడు నిమిషాల సినిమా తెచ్చాడు. క్రికెట్ హెల్మెట్‌కి ఫోన్ కట్టుకుని తీశాడట. తాగి ఇంటికొచ్చేవాడి చూపు అది. మెట్లు ఊగాయి, తలుపు ఊగింది, ఒక చెయ్యి గొళ్లెం కోసం తడుముకుంది. లైట్లు వేశాక ఎవరూ నోరు విప్పలేదు. చివరికి వెనక వరసలో అమ్మాయి, "ఇంతకీ ఎవరండీ వాడు?" అంది. కుర్రాడు చిన్నబుచ్చుకున్నాడు. "ఎవరో ఏంటి, చూసేవాళ్లే!" అన్నాడు.

నాకు జాలేసింది. ఇరవై ఏళ్ల కిందట నేనూ ఇదే తప్పు చేశాను. కాకపోతే అద్దె కెమెరాతో, అప్పు చేసి మరీ.

కెమెరాని పాత్ర కన్ను ఉండే చోట పెడితే పాయింట్ ఆఫ్ వ్యూ షాట్ అయిపోతుందని మా కాలంలోనూ అనుకునేవాళ్లం. అది సగమే. మిగతా సగం మూకీల వాళ్లకి మొదట్లోనే తెలుసు. 1900లో ఇంగ్లండ్‌లో, బ్రైటన్ పక్కనున్న హోవ్‌లో జార్జ్ ఆల్బర్ట్ స్మిత్ అనే ఆయన 'గ్రాండ్‌మాస్ రీడింగ్ గ్లాస్' తీశాడు. నిమిషం పైచిలుకు సినిమా. ముసలావిడ పక్కన మనవడు కూర్చుని ఆవిడ భూతద్దంతో ఆడుకుంటూ ఉంటాడు. వాడు అద్దం పెట్టిన ప్రతిదీ నల్లటి తెర మధ్య గుండ్రంగా, పెద్దగా కనిపిస్తుంది. న్యూస్‌పేపరు, గడియారం లోపలి చక్రాలు, పంజరంలో పిట్ట. ఆ తర్వాత ముసలావిడ కన్ను. తెర నిండా ఒకే ఒక్క కన్ను, గుడ్డు గిరగిరా తిరుగుతూ! అద్దంలోంచి మనం చూస్తున్నామా, ఆవిడే మనల్ని చూస్తోందా అనిపిస్తుంది. కెమెరా ముందు గుండ్రంగా కత్తిరించిన నల్ల మాస్క్ పెట్టి చేసిన పని ఇదంతా. వాడు చూసిందే కాదు, పిల్లాడు చూడ్డమూ మనకి కనిపిస్తుంది. మిగతా సగం అదే.

(బైనాక్యులర్స్ అనగానే మన సినిమాల్లో రెండు గుండ్రాలు అతికించి చూపిస్తారు. నిజంగా కళ్లకి పెట్టుకుని చూడండి, ఒకటే గుండ్రం కనిపిస్తుంది. అయినా రెండు గుండ్రాలనే నమ్ముతాం!)

మా కుర్రాడి తాగుబోతుకి అసలు తాత 1924లో జర్మనీలో పుట్టాడు. మూర్నౌ తీసిన 'ది లాస్ట్ లాఫ్'. హోటల్ అట్లాంటిక్ గుమ్మం దగ్గర బంగారు గుండీల కోటు వేసుకుని నిలబడే ముసలి ద్వారపాలకుడిగా ఎమిల్ యానింగ్స్ వేశాడు. వయసైపోయిందని ఆయన్ని కోటు విప్పించి కింద బాత్రూముల దగ్గర తువ్వాళ్లు అందించే పనిలో పెడతారు. అదే రోజు ఇంట్లో పెళ్లి. ముసలాయన కోటు దొంగిలించి వేసుకుని పెళ్లికెళ్తాడు, తాగుతాడు. అప్పుడు కెమెరామన్ కార్ల్ ఫ్రాయిండ్ కెమెరాని గుండెకి కట్టుకుని, బరువు సరితూగడానికి బ్యాటరీలు వీపుకి వేసుకుని, తాగినవాడిలా తూలుతూ తిరిగాడు. మా కుర్రాడి హెల్మెట్‌కీ దీనికీ పరికరంలో తేడా ఏమీ లేదు. తేడా అంతా అంతకు ముందు గడిచిన అరగంటలో ఉంది. అప్పటికి ఆ ముసలాయన మీసం, నడక, కోటు విప్పుతున్నప్పుడు వంగిపోయిన వీపు అన్నీ మనకి తెలుసు. గది తిరుగుతుంటే మన కడుపులో తిప్పేది అందుకే.

ఆ పెళ్లి రాత్రే ఇంకో తమాషా ఉంది. కింద వాకిట్లో ఎవరో బాకా ఊదుతారు. మూకీ కదా, వినపడదు. తెర మీద కెమెరా బాకా మూతి దగ్గర మొదలై గాల్లో పైకి, వెనక్కి వెళ్లిపోతుంది, బాకాలోంచి వెలువడ్డ శబ్దమే ఎగిరి కిటికీ దగ్గరున్న ముసలాయన చెవిలో పడ్డట్టు. కంటి చూపుకి షాట్లు చాలామంది తీశారు. చెవికి షాటు తీయడం నేను చూసినంతలో అదే మొదలు. సినిమా మొత్తానికి కథ చెప్పే అక్షరాల కార్డు చివర్లో ఒక్కటే. అది లేకున్నా పోయేదేమీ లేదని నా అభిప్రాయం.

అదే ఏడు బాబెల్స్‌బెర్గ్ స్టూడియోలో పనిమీద ఉన్న కుర్ర హిచ్‌కాక్ మూర్నౌ షూటింగ్ కళ్లారా చూశాడు. ముప్పై ఏళ్ల తర్వాత 'రియర్ విండో'లో కాలు విరిగి కుర్చీలో కూర్చున్నవాణ్ణి చూపించాడు, కిటికీ బయట వాడు చూసేది చూపించాడు, మళ్లీ వాడి మొహం. సినిమా అంతా దాదాపు ఆ మూడు ముక్కలతోనే నడిచింది. మనకి మాటల్లేని సినిమా అంటే సింగీతం గారి 'పుష్పక విమానం' గుర్తొస్తుంది. మళ్లీ చూసినప్పుడు కమల్ హాసన్ దేన్ని చూస్తున్నాడన్న దానికన్నా ముందు, ఆయన చూడ్డాన్ని గమనించండి.

మా కుర్రాడికి సినిమా మళ్లీ తియ్యమనలేదు. హెల్మెట్ తీసేసి, ఆ తాగుబోతు మెట్ల కింద నిలబడి పైకి చూసే మొహం ఒక్కటి తీసుకురమ్మన్నాను, పది సెకన్లు చాలు. వచ్చే ఆదివారం దాన్ని ముందు అతికించి అందరికీ మళ్లీ వేస్తాం.