తాలు ఏది, గింజ ఏది: మెదడు చిత్రాల నాణ్యత పరీక్ష

సింగపూర్‌లో 2009లో 'గ్రోయింగ్ అప్ ఇన్ సింగపూర్ టువర్డ్స్ హెల్తీ అవుట్‌కమ్స్' అనే అధ్యయనం మొదలయింది. పొట్టిపేరు గస్టో. చైనీయ, మలయ్, భారతీయ సంతతులకు చెందిన 1247 మంది గర్భవతులను చేర్చుకుని, వారి పిల్లల ఎదుగుదలను ఏళ్ల తరబడి గమనిస్తూ వస్తోంది. కొందరు శిశువులకు పుట్టిన తొలి వారాల్లోనే, మత్తుమందు ఇవ్వకుండా, సహజనిద్రలో మెదడు ఎం.ఆర్.ఐ. తీశారు. గర్భంతో ఉన్నప్పటి తల్లి దిగులుకూ, బిడ్డ మెదడులోని అమిగ్డలా సూక్ష్మనిర్మాణానికీ సంబంధం ఉందన్న 2013 నాటి ఫలితం ఆ చిత్రాల నుంచి వచ్చిందే.

పిల్లలకు నాలుగున్నరేళ్లు వచ్చేసరికి చిక్కు పెరిగింది. ఆ వయసు పిల్లవాణ్ణి రొదపెట్టే గొట్టంలో కదలకుండా పడుకోబెట్టడం కన్నతల్లికే సాధ్యం కాని పని. అందుకే ముందు ఇంటి దగ్గర సాధన చేయించారు; ఆపై నమూనా స్కానర్‌లో అలవాటు చేశారు. చిత్రం తీసిన వెంటనే, పిల్లవాడు ఇంకా లోపల ఉండగానే, కంటితో చూసి, కదలిక మరకలు ఎక్కువగా ఉంటే మళ్లీ తీశారు. మూడుసార్లకీ కుదరకపోతే ఆ చిత్రాన్ని వదులుకున్నారు. ఈ పద్ధతిలోని విశేషం చూపు నిశితత్వం కన్నా, చూసిన వేళ. దోషాన్ని దిద్దుకునే వీలుండగానే చూశారు.

వందల్లో పిల్లలున్న చోట ఇది చెల్లుతుంది. అమెరికాలోని ఎ.బి.సి.డి. అధ్యయనంలో 21 కేంద్రాలు, సుమారు 12,000 మంది పిల్లలు. యు.కె. బయోబ్యాంక్ 2018లో వివరించిన తొలి విడతే 10,000 మందిది. ఇంత రాశిని కంటితో జల్లెడ పట్టడం కష్టం; పట్టినా, ఉదయం కాదన్న చిత్రాన్ని సాయంత్రం అలసిన కన్ను ఔనంటుంది. అందువల్ల యంత్రం వచ్చింది.

ఆస్కర్ ఎస్టెబాన్ బృందం 2017లో ప్రచురించిన ఎం.ఆర్.ఐ.క్యు.సి. ఇలాంటివాటిలో ప్రసిద్ధమైనది. తల చుట్టూ నల్లగా ఉండవలసిన గాలిలో నీడలేమైనా పడ్డాయా, సంకేతానికీ రొదకూ నిష్పత్తి ఎంత, అంచులు ఎంత చెదిరాయి వంటి కొలతలను అది లెక్కిస్తుంది. 17 కేంద్రాలకు చెందిన 1102 చిత్రాలతో తీర్పు చెప్పడం నేర్పారు. తాను ఎన్నడూ చూడని కేంద్రాల చిత్రాలపై అది సరిగా చెప్పింది సుమారు 76 శాతం. ఈ అంకెను దాచకుండా ప్రకటించడం ఆ వ్యాసపు పెద్ద గుణం. ఒకే కేంద్రపు చిత్రాలను శిక్షణకూ పరీక్షకూ పంచుకుంటే యంత్రం ఆ స్కానర్ ఆనవాలునే నేర్చుకుని ఘనమైన మార్కులు తెచ్చుకుంటుంది. దానికి గురువులుగా నిలిచిన మానవ పరీక్షకుల మధ్య ఏకీభావం కూడా ఒక మోస్తరుదే. గురువులే తేల్చుకోలేనిదాన్ని శిష్యుడు తేల్చాలని ఆశించడం న్యాయం కాదు.

ఇంత పట్టుదల ఎందుకు? ఆసుపత్రి రేడియాలజిస్టుకు కాస్త మసక చిత్రమైనా పెద్ద కణితి ఉందో లేదో చెప్పడానికి సరిపోవచ్చు. పరిశోధకుడు వెతికేది మస్తిష్క వల్కలం మందంలో మిల్లీమీటరులో పదో వంతు తేడా. ఆరోగ్యవంతుల చేత కావాలని తల ఊపించి చిత్రాలు తీస్తే బూడిదరంగు పదార్థం తగ్గినట్టు కనబడిందని మార్టిన్ రాయిటర్ బృందం 2015లో చూపింది. అంతకుముందే, 2012లో, జొనాథన్ పవర్ తదితరులు మరీ ఇబ్బందికరమైన సంగతి బయటపెట్టారు. తల స్వల్పంగా కదిలినా, ఫంక్షనల్ ఎం.ఆర్.ఐ.లో దగ్గరి ప్రాంతాల అనుసంధానం బలంగా, దూరపు ప్రాంతాలది బలహీనంగా కనబడుతుంది. వయసుతో దగ్గరి అనుసంధానాలు తగ్గి దూరపువి పెరుగుతాయని అంతకుముందు చెప్పుకున్న ఎదుగుదల కథ అచ్చం ఇదే పోలికలో ఉంది. చిన్నపిల్లలు ఎక్కువ కదులుతారు మరి! ఆ కథను చెప్పినవారిలో వారి సొంత ప్రయోగశాలా ఉండడం గమనార్హం.

కాబట్టి చెరగడం తప్పదు. అయితే చేటలోంచి ఎగిరిపోయేది తాలు ఒక్కటే కాదు. ఎ.బి.సి.డి. సమాచారంపై 2022లో వచ్చిన ఒక పరిశీలన ప్రకారం, కదలిక హద్దును కఠినంగా పెడితే మిగిలే పిల్లలు మొదట చేరిన పిల్లలకు సరైన ప్రతినిధులు కారు. జాతిలోనూ, కుటుంబ ఆదాయంలోనూ తేడా వస్తుంది. కుదురులేనితనమే లక్షణమైన ఎ.డి.హెచ్.డి. వంటి స్థితిలో ఈ నష్టం మరీ లోతైనది: వ్యాధి తీవ్రంగా ఉన్నవారే ముందు జారిపోతారు. శుభ్రమైన చిత్రాలు మిగులుతాయి, అధ్యయనం చేయదలచిన వ్యాధి పలచబడుతుంది.

ఇక్కడే స్వయంచాలక పరీక్షల వాడుకను తప్పుపట్టవలసి ఉంది. పనిముట్టు ఇచ్చే అంకెను చాలా వ్యాసాలు ఒక్క వాక్యంతో ముగిస్తాయి: ఇంతమందిని నాణ్యత లోపం వల్ల తొలగించాం, అని. ఆ ఇంతమంది ఎవరు? హద్దును కొంచెం అటూ ఇటూ జరిపితే ఫలితం నిలుస్తుందా? గీత ఎక్కడ గీయాలన్నది అల్గారిదం తేల్చే విషయం కాదు. అది ఎవరిని లెక్కలోకి తీసుకోవాలన్న నిర్ణయం. ఉంచడమా, తీసేయడమా అన్న రెండే గదులకు బదులు, నాణ్యత అంకెను విశ్లేషణలోకే తీసుకువెళ్లడం కొంత మేలు. గస్టో తరహా జాగ్రత్తను యంత్రానికి నేర్పే మార్గమూ లేకపోలేదు: తల కదలికను స్కాన్ జరుగుతుండగానే కొలిచి ఆపరేటరుకు చూపే ఫర్మ్ అనే సాఫ్ట్‌వేర్ 2017లోనే వచ్చింది.

గస్టో పద్ధతికీ ఇదే ప్రశ్న వర్తిస్తుంది. మూడో ప్రయత్నానికీ కుదురుగా ఉండలేనివాడు అక్కడా బయటికే పోతాడు. కాని గర్భం 26వ వారంలో తల్లుల దిగులును ప్రశ్నావళితో కొలిచి ఉంచారు. చిత్రం దక్కిన పిల్లల తల్లుల అంకెలూ, దక్కని పిల్లల తల్లుల అంకెలూ ఒకే పట్టికలో పక్కపక్కన వేయడానికి కొత్తగా స్కాన్ ఒక్కటీ అక్కరలేదు.