పన్నెండంగుళాల స్కేలు, పదంగుళాల నీడ

చిన్నపిల్లలకు ఏడాదిలో అతి చిన్న పగలు, డిసెంబరు 21 గురించి చెప్పాలనుకునేవాళ్లు ముందు గ్లోబును బీరువాలో పెట్టి తాళం వేయాలి. ఏడేళ్ల పిల్లకి గ్లోబు చూపించి భూమి 23న్నర డిగ్రీలు వాలి ఉందంటే, ఆ స్టాండే వంకరగా చేశారనుకుంటుంది. పుస్తకాల్లోని మంచు బొమ్మలు, ఉన్ని టోపీలు మా నూజివీడు పిల్లలకు ఏ దేశం సంగతులో! ఇక్కడ ఆ రోజు పగలు 11 గంటల పైన ఏడెనిమిది నిమిషాలు ఉంటుంది. జూన్‌లో 13 గంటలు దాటుతుంది. రెండు గంటల తేడా ఆరు నెలల్లో కొంచెం కొంచెంగా జరిగితే పెద్దవాళ్లమే గమనించం. ఆ రోజే అన్ని రోజులకన్నా ఆలస్యంగా తెల్లారుతుందని చెప్పినా తప్పే. పొద్దు పొడవడం జనవరి మూడో వారం దాకా వెనక్కి పోతూనే ఉంటుంది.

నేను నమ్ముకున్నది బడి సంచీలో ఉండే 12 అంగుళాల స్కేలు. ఆరుబయట, చదును నేల మీద నిలువుగా నిలబెట్టాలి. మామిడితోట పనికిరాదు, అక్కడ నీడ ఎక్కువై చిక్కు. పదకొండు ముప్పావు నుంచి ఐదేసి నిమిషాలకోసారి నీడ కొసన సుద్దముక్కతో గుర్తు పెట్టిస్తాను. డిసెంబరు 21న అన్నిటికన్నా పొట్టి నీడ 12 గంటలకు కాదు, ఐదు నిమిషాలు దాటాక వస్తుంది. మనం గడియారాన్ని పెట్టుకున్న రేఖాంశానికి నూజివీడు కాస్త పడమరగా ఉండటం వల్ల. ఆ నీడ పది అంగుళాల పైచిలుకు, ఉత్తరం వైపు. మార్చి 21న అదే స్కేలుకు మూడున్నర అంగుళాలు. జూన్ 21న అంగుళంన్నర కూడా ఉండదు, అదీ దక్షిణం వైపు! ఇది విన్నప్పుడు పిల్లల కళ్లు చూడాలి. సూర్యసిద్ధాంతం నీడ లెక్కలకు వాడిన శంకువు కూడా 12 అంగుళాలదే. కాకపోతే ఆ అంగుళం వేలి వెడల్పు.

"తాతయ్యా, సూర్యుడు దక్షిణానికెందుకు పోయాడు?" అని వాళ్లే అడగాలి. బంతి అప్పుడు తియ్యాలి. డిసెంబరులో మామిడికాయ ఎక్కడ దొరుకుతుంది, బత్తాయితో సరిపెట్టుకుంటాను. దానికి చీపురుపుల్ల గుచ్చి, కొంచెం వాల్చి, దీపం చుట్టూ నడవమంటాను. పుల్ల కొస ఎప్పుడూ ఒకే గోడను చూడాలి. పెద్దవాళ్లు చేసి చూపించేటప్పుడు తమతోపాటు పుల్లనూ తిప్పేస్తారు, దాంతో పాఠమంతా పోతుంది. సూర్యుడు దూరమయ్యాడు కనుక చలి అన్నది ఇంకో పొరపాటు. భూమి సూర్యుడికి అన్నిటికన్నా దగ్గరగా వచ్చేది జనవరి మొదటి వారంలోనే.

నాయనమ్మ ఉత్తరాయణం సంక్రాంతికంటుంది, మీరు డిసెంబరంటారేమిటని ఎవరో ఒకరు నిలదీస్తారు. పదిహేడు వందల ఏళ్ల కిందట రెండూ ఇంచుమించు ఒకే రోజు. భూమి ఇరుసు మెల్లగా దిశ మారుతుండటంతో సుమారు 71 ఏళ్లకు ఒక రోజు చొప్పున ఎడం వచ్చింది. చిన్నవాళ్లకు ఇంత అక్కర్లేదు. సూర్యుడు మళ్లింది డిసెంబరులో, పండగ జనవరిలో అంటే చాలు. నాయనమ్మను మాత్రం తప్పుపట్టకండి. చలి చంకలెత్తనివ్వనిది సంక్రాంతికే. నేల, గాలి చల్లబడటానికి సమయం పడుతుంది మరి.

పగలు తగ్గింది కనుకే మామిడి పూత వస్తుందని పిల్లలకు చెప్పేవాళ్లున్నారు. పూతను పిలిచేది రాత్రిళ్ల చలి, పగటి పొడవు కాదు. ఏదో ఒకటి కలపాలని తోటను పాఠంలోకి లాక్కురావద్దు.

ఆ సుద్దగీతలు చెరిగిపోకముందే కొలతలు నోటుబుక్కులో రాయించండి, నెలకోసారి మళ్లీ కొలిపించండి. మే మొదటి వారం చివర్లో, బంగినపల్లి కోతలు సాగే రోజుల్లో, ఒక మధ్యాహ్నం స్కేలుకు నీడే ఉండదు. ఆగస్టు మొదట్లోనూ అలాంటి రోజు ఒకటి వస్తుంది గానీ అప్పుడు మబ్బు పడితే అంతే. మేలో బడికి సెలవులు. కాబట్టి స్కేలు నిలబెట్టించాల్సింది ఇంట్లో ఉన్న మీరే.