పురుగు, మందు

మార్గశిరమాసమున వరికోతలు ముమ్మరముగా సాగుచున్నపుడు, డెల్టా ప్రాంతపు ప్రభుత్వాసుపత్రి క్యాజువాల్టీ గడపమీద రాత్రివేళల నేను తఱచుగా విను మాట యొకటి కలదు: "పురుగు ముట్టిందయ్యా." మొన్న తెల్లవాఱుజామున మూడు గంటలకు 108 వాహనము నుండి భర్తను దింపించుకొని వచ్చిన యొక యిల్లాలు సైతము ఆ మాటయే యనెను. ఆతడు కుప్పకు కాపలా పోయి గడ్డిమీద పండుకొన్నవాడు. పాదము మడమ దాటి వాచియుండెను. కాటుపడినచోట నుండి నెత్తురు సన్నగా కారుచునే యుండెను. పిక్కకు బిగించిన చీరపీలిక చర్మములోనికి దిగిపోయెను. ఆ సమయమున గదిలో నున్న మంచములు తొమ్మిది, రోగులు పదునలుగురు. ఒక మూల ఉబ్బసపు ముసలమ్మ ముక్కుకు గొట్టము పెట్టుకొని కూర్చుండగా, మఱొక మూల మోటారుసైకిలుపై నుండి పడిన కుఱ్ఱవాని తలకు హౌస్ సర్జను కుట్లు వేయుచుండెను. వాని స్నేహితులు నలుగురు ఒకేసారి మాటలాడుచుండిరి. "ఏ పురుగమ్మా?" అని నేనడిగితిని. ఆమె తల వంచుకొని "పురుగేనయ్యా" అనెను.

రాత్రిపూట పాము పేరెత్తరాదను నమ్మకము మన పల్లెలలో ఎంత పాతదో నేను చెప్పజాలను. నెల దినముల క్రిందటనే నాగులచవితికి పుట్టలో పాలు పోసిన చేతులవి; ఆ చేతుల భయమును, భక్తిని మూడుగంటలవేళ తర్కించి ప్రయోజనము లేదు. స్టాఫ్ నర్సు సూది చొనిపి రెండు మిల్లీలీటర్ల రక్తమును తీసి, పొడిగా నున్న గాజు గొట్టములో పోసి, దానిపై ప్లాస్టరుముక్క యంటించి వేళను వ్రాసెను. ఆ గొట్టము గాజుదే కావలెను, సబ్బునీట కడిగినది కారాదు. దానిని కదపక ఇరువది నిమిషములుంచి యొక్కసారి వంచి చూడవలెను. రక్తము గడ్డకట్టకున్నచో పింజరి జాతి విషము ఒంటిలో పాఱుచున్నదని యర్థము. ఇంతకంటె చౌకయైన పరీక్ష వైద్యశాస్త్రమున మఱియొకటి యున్నదో లేదో నే నెఱుగను.

ఆసుపత్రిలో ఈ విభాగమున వేగమే విద్యయని లోకము తలంచును. చదువుకొను దినములలో నేనును అట్లే తలంచితిని. గడపమీద పలికిన తొలిమాటను దాని పల్లెతో, దాని భయముతో సహా వినగలుగుట ఈ వృత్తిలో ప్రథమపాఠమని నాకు తెలియవచ్చినది ఒక పిల్లవాని మూలమున.

అప్పుడు నేను వేఱొక యూర హౌస్ సర్జనును. ఎనిమిదేండ్ల బాలుని తల్లి యెత్తుకొని వచ్చి, "కింద పడుకున్నాడు బాబూ, ఏదో పురుగు కుట్టినట్టుంది, కడుపునొప్పంటున్నాడు" అనెను. నేను చేతులు, కాళ్లు చూచితిని. గాటు లేదు, వాపు లేదు. పట్టణములో పుట్టి పెరిగిన నాకు పురుగనగా చీమయో, జెఱ్ఱియో. కడుపునొప్పికి సూదిమందు వ్రాసి, బల్లమీద కూర్చుండబెట్టుమని చెప్పి, తరువాతి రోగివద్దకు పోతిని. అరగంట గడచినదో లేదో, నైట్ డ్యూటీలో నున్న పెద్ద నర్సు నా భుజము తట్టి, "డాక్టరుగారూ, ఆ పిల్లవాడి రెప్పలొకసారి చూడండి" అనెను. నిద్రవలన వాలిన రెప్పలు పిలిచిన లేచును, అవి లేవలేదు. తలయెత్తి, వ్రేలాడు రెప్పలక్రింద నుండి వాడు నన్ను చూడ ప్రయత్నించిన చూపు నాకు నేటికిని గుర్తున్నది. కట్లపాము కోఱలు మిక్కిలి సన్నవి. నేలమీద నిద్రించువారిని కఱచినచో గాటు కానరాకపోవచ్చును, నొప్పియు తెలియకపోవచ్చును. కడుపునొప్పితో మొదలై, రెప్పలు వాలి, మ్రింగుడు పడక, తుదకు ఊపిరి నిలిచిపోవును. ఆనాడు మాకు ఖాళీగా నున్న వెంటిలేటరు లేదు. గొంతులో గొట్టము వేసి, నేనును, నర్సును, వార్డుబాయియు, వాని మేనమామయు వంతులవారీగా తెల్లవాఱువఱకు అంబూ సంచిని చేత పిసికి వానికి ఊపిరి పోసితిమి. వాడు బ్రదికెను. ఆ ఘనత ఆ నర్సుది; ఆ తల్లి సరిగనే చెప్పినది, వినలేకపోయినవాడను నేను.

పురుగు సంగతి యిట్లుండగా మందు సంగతి యింకను చిక్కైనది. రోగమును మాన్పునది మందు. దుకాణములో త్రాగునది మందు. పైరుకు చల్లునది మందు. తుపాకిలో కూరునదియు మందే. "మందు తాగాడు సారూ" అని యొక తండ్రి రొప్పుచు వచ్చి నిలిచినపుడు, ఆ మాట కర్థము మేము రోగి కన్నులలో వెదకికొనవలెను. కనుపాప సూదిమొనయంతయై, నోట చొంగ కారుచు, వెల్లుల్లివంటి వాసన వచ్చుచున్నచో అది పురుగుమందు. అట్రోపిను ఇచ్చుచు, ఐదేసి నిమిషముల కొకసారి గుండెలమీద స్టెతస్కోపు పెట్టి, గురగుర శబ్దము పోవువఱకు మోతాదు పెంచవలెను. పారాక్వాట్ అను గడ్డిమందైనచో దానికి విరుగుడు లేదు. ప్రాణవాయువని యిచ్చు ఆక్సిజనే ఊపిరితిత్తుల కీడును హెచ్చించును. అది త్రాగినవాడు మొదటిరోజున స్పృహతో కూర్చుండి టీ యడుగును. ఇంటికి పోదమని తండ్రితో చెప్పును. ఈ వృత్తిలో నేను భరింపలేని సంభాషణ అదియే. కావుననే డబ్బా తెచ్చితిరా యని మేము పదేపదే యడుగుదుము. డబ్బాపై వజ్రాకారపు గుర్తులో క్రిందిసగము ఎరుపో, పసుపో, నీలమో, ఆకుపచ్చయో విషతీవ్రతనుబట్టి యుండును. దాని ప్రక్కనున్న పేరు అంతకంటె ముఖ్యము.

తండ్రి డబ్బా తేడు. దగ్గుమందనుకొని పొరపాటున త్రాగినాడనును. ఆ యబద్ధము వెనుక నున్న ప్రశ్న కొంత సేపటికి చెవిలో వినవచ్చును: "కేసవుతుందా సారూ?" మెడికో-లీగల్ రిజిస్టరులో వ్రాయక తప్పదు, కాని ప్రాణాపాయములో నున్నవానికి చికిత్స ముందు, పోలీసు లాంఛనములు తరువాత యని 1989లో పరమానంద్ కటారా కేసున సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది, ఆత్మహత్యకు యత్నించినవానిని తీవ్రమానసిక వేదనలో నున్నవానిగానే భావించి, అట్లు కాదని ఋజువైనగాని శిక్షింపరాదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము చెప్పుచున్నది. ఈ రెండు సంగతులను ప్రతి ప్రభుత్వాసుపత్రి గడపమీద, రంగు వెలియని పెద్ద అక్షరములతో, మంచి తెలుగున వ్రాయింపవలెనని నా ప్రార్థన. భయము తీఱిన తండ్రి నిమిషములో డబ్బా తెప్పించును. "స్టవ్వు పేలింది" అని కాలినగాయములతో వచ్చిన కోడలిని మాత్రము నేను అత్తింటివారినందఱిని వెలుపలికి పంపి, నర్సొక్కతె తోడుండగా, మఱల మొదటినుండి అడుగుదును.

ఇరువది నిమిషములు గడచినవి. నర్సు గొట్టమును దీపమువైపు వంచగా రక్తము నీటివలె జాఱెను. పది సీసాల విరుగుడును కలిపి, సెలైనులో గంటసేపు ఎక్కించితిమి. అది లోనికి పోవుచుండగా, అడ్రినలిను సూది చేతికందునట్లుంచుకొని, పిక్కమీది చీరపీలికను మెల్లగా విప్పితిమి. ఒంటిపై దద్దురులు రాలేదు, ఆయాసము రాలేదు. ఉబ్బసపు ముసలమ్మ నిద్రపోయెను. ఐదున్నరకు ఆయా వచ్చి కిటికీ తెఱవగా, తూర్పున వెలుగు వచ్చుచుండెను. గోడకు చేరబడి కూర్చున్న ఆ యిల్లాలు కిటికీవైపు చూచి, పైటచెంగు సవరించుకొని, నాతో, "రక్తపింజరయ్యా. కుప్పకింద నుంచొచ్చింది. నేను చూశాను" అనెను.